బడిలో పిల్లల తిండి: తరచుగా అడిగే ప్రశ్నలు

తల్లిదండ్రుల సమావేశం ఏ బడిలో జరిగినా, మార్కుల సంగతి అయిపోగానే మాట తిండి మీదికి వస్తుంది. సాంబారు నీళ్లలా ఉందని ఒకరు, అన్నంలో ప్లాస్టిక్ కలుపుతున్నారని ఇంకొకరు, డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తోందని మరొకరు. అడిగేవాళ్లు మారుతున్నా ప్రశ్నలు మాత్రం మారడం లేదు. అందుకే జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడులను దృష్టిలో ఉంచుకుని రాసినవి ఇవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## మొదలుపెట్టే ముందు

ఇంట్లో సరిగ్గా పెడితే చాలదా? తిండి సంగతి బడికి ఎందుకు?

విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక బడి ఏడాదికి కనీసం 200 రోజులు, ప్రాథమికోన్నత బడి 220 రోజులు నడవాలి. అన్ని రోజుల మధ్యాహ్నం తిండి బడిలోనే జరుగుతుంది. పైగా ఇంట్లో ముట్టని బీరకాయను పక్క పిల్లవాడు తింటుంటే చూసి తినే పిల్లలు చాలామంది. ఆ సౌకర్యం ఇంట్లో ఉండదు.

ప్రభుత్వ బడుల విషయానికి వస్తే ఇది ఎవరో దయతలచి పెడుతున్న అన్నం కాదు. తమిళనాడులో కామరాజ్ ప్రభుత్వం 1956లోనే బడి భోజనం మొదలుపెట్టింది. కేంద్ర పథకం 1995 ఆగస్టు 15న వచ్చినా చాలాచోట్ల బియ్యం ఇచ్చి పంపేవారు. వండిన భోజనమే పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించాక, 2003 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో పొయ్యి వెలిగింది. 2013లో ఆహార భద్రత చట్టం దాన్ని ఎనిమిదో తరగతి వరకూ పిల్లల హక్కుగా రాసింది.

మా బడిలో తిండిని బాగుచేసే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

చెత్తబుట్ట దగ్గర. ఒక వారంపాటు భోజనాల తర్వాత ఏది ఎక్కువగా మిగిలిందో, ఏ తరగతి వాళ్లు పారేశారో రాసుకోండి. ఆ కాగితంతో పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశానికి వెళ్లండి. చట్టప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. చాలా బడుల్లో కమిటీ సంతకాలకే పరిమితమైందన్నది నిజమే. అయినా "భోజనం బాగాలేదు" అని ఊరికే చెబితే వినేవారు తక్కువ. "మంగళవారం కూర మూడో తరగతిలో సగం మంది పారేశారు" అని చెబితే ఎవరో ఒకరు జవాబు చెప్పవలసి వస్తుంది.

పోషకాహారం మీద పాఠం చెప్పి, గోడలకు పోస్టర్లు అతికిస్తే సరిపోదా?

సరిపోదు. పోస్టరు కింద కూర్చుని పిల్లలు చిప్స్ తింటూనే ఉంటారు.

కళ్లకు కట్టేలా చూపిస్తే మాత్రం కొంత పని జరుగుతుంది. 2025 మేలో సీబీఎస్ఈ తన బడులన్నింటిలో "షుగర్ బోర్డులు" పెట్టమంది. పిల్లలు మామూలుగా తాగే, తినే వాటిలో ఎంత చక్కెర ఉందో రాసే పలకలివి. రాయడం కంటే కొలవడం మేలు. 250 మిల్లీలీటర్ల కోలా సీసాలో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఐదు చెంచాలకు పైనే. ఖాళీ సీసా పక్కన అంత చక్కెర ఒక గాజు గ్లాసులో పోసి సైన్స్ తరగతిలో బల్ల మీద ఉంచండి. ఉపన్యాసం అక్కర్లేదు.

## బడి వంటగదిలో

ఒక్కో పిల్లవాడికి ఎంత పెట్టాలో లెక్క ఉందా?

ఉంది. ఐదో తరగతి వరకు రోజుకు 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుంచి ఎనిమిది వరకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, 7.5 గ్రాముల నూనె. దీంతో చిన్నవాళ్లకు 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలి. పెద్దవాళ్లకు 700 కేలరీలు, 20 గ్రాములు.

వందమంది చిన్నపిల్లలున్న బడికి ఇది రోజుకు రెండు కిలోల పప్పు, ఐదు కిలోల కూరగాయలు, అరకిలో నూనె అవుతుంది. కేలరీలు ఎవరికీ కంటికి కనిపించవు గానీ, గిన్నెలో పడే పప్పు రెండు కిలోలా, ఒక కిలోనా అన్నది పక్కన నిలబడితే కనిపిస్తుంది.

పప్పుచారు పలచగా ఉంటోంది. అంత పట్టించుకోవలసిన విషయమా?

తప్పకుండా పట్టించుకోవాలి. 100 గ్రాముల బియ్యంలో సుమారు 8 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, 20 గ్రాముల కందిపప్పులో 4 గ్రాములకు కొంచెం ఎక్కువ. నిర్దేశించిన 12 గ్రాములు ఈ రెండూ కలిస్తేనే వస్తాయి. పప్పు సగమైతే లెక్క అక్కడే తప్పుతుంది. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌లో ఒక భాగం) పప్పులో దండిగా ఉంటుంది కాబట్టి, అన్నం ఇంకో గరిటె వడ్డించినా ఆ లోటు తీరదు.

వంట చేసేవాళ్లనే అడగాలా? వాళ్లేమైనా నొక్కేస్తున్నారా?

నిందించే ముందు వాళ్ల లెక్క చూడండి. బియ్యం విడిగా వస్తుంది. మిగతా సరుకులకు, గ్యాస్‌కు కలిపి 2025 మే నుంచి కేంద్రం నిర్ణయించిన ధర ప్రాథమిక తరగతుల్లో ఒక్కొక్కరికి రోజుకు 6.78 రూపాయలు, పై తరగతుల్లో 10.17 రూపాయలు. అంటే వందమంది చిన్నపిల్లలకు 678 రూపాయలు. కందిపప్పు కిలో 120కి దొరికినా రెండు కిలోలకు 240. కూరగాయలు కిలో 40 చొప్పున 200. నూనెకు 75 వేసుకోండి. మిగిలిన 163 రూపాయల్లో చింతపండు, ఉప్పు, కారం, పోపు సామాను, పొయ్యి ఖర్చు అన్నీ సరిపెట్టాలి. టమాటా ధర మండిపోయిన నెలలో ఏం జరుగుతుందో మీకే తెలుసు. బిల్లులు ఆలస్యమైతే సరుకు అప్పు తెచ్చేది కూడా ఈ మహిళలే. వాళ్ల గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలు.

కాబట్టి కోపం వంటమనిషి మీద చూపడం అన్యాయం. పెండింగ్ బిల్లుల గురించి మండల విద్యాధికారికి కమిటీ తరఫున అర్జీ పెట్టడం వల్ల పప్పు చిక్కబడే అవకాశం ఎక్కువ.

అన్నంలో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారట, నిజమేనా?

నిజం కాదు. అది ఫోర్టిఫైడ్ బియ్యం. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి, యంత్రంలో మళ్లీ గింజలుగా చేసి, మామూలు బియ్యంలో వందకు ఒకటి చొప్పున కలుపుతారు. ఆ గింజలు రంగులో కొంచెం తేడాగా ఉంటాయి, కడిగేటప్పుడు కొన్ని తేలతాయి కూడా. అనుమానం అక్కడే పుడుతుంది, చాలామంది వాటినే ఏరి పారేస్తారు.

ఏరకూడదు. ఎక్కువసార్లు కడగకూడదు. గంజి వార్చి పారబోయకుండా అత్తెసరు పెడితే మేలు, వార్చినప్పుడు పోషకాలు కొంత గంజితో పోతాయి. తలసేమియా, సికిల్‌సెల్ వ్యాధి ఉన్న పిల్లల తల్లిదండ్రులు మాత్రం చికిత్స చేస్తున్న డాక్టరును ఒకసారి అడగాలి.

మేం గుడ్డు తినం. మా పాపకు బదులుగా ఏం అడగాలి?

గుడ్డు ప్రతి రాష్ట్రంలోనూ ఒకేలా ఇవ్వడం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వారానికి ఐదు, తెలంగాణలో మూడు. కర్ణాటకలో గుడ్డు తినని పిల్లలకు అరటిపండు ఇస్తారు. అరటిపండు మంచిదే, కానీ అది గుడ్డుకు సాటి రాదు. గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటే అరటిపండులో ఒక గ్రాము మాత్రమే. ఉడికించిన శనగలు గానీ, అలసందలు గానీ పెట్టమని కమిటీలో అడగండి. వీలుకాదంటే ఇంటి నుంచి ఒక చిన్న డబ్బాలో పెరుగు పంపండి.

ఇంకో మాట. మీరు తినకపోవడం మీ ఇష్టం. మిగతా పిల్లల పళ్లెంలో గుడ్డు తీసేయమని అడగడం సబబు కాదు. చాలా ఇళ్లలో పిల్లలకు గుడ్డు దొరికేది బడిలోనే.

రాగిజావ, చిక్కీలో బెల్లం ఉంటుంది కదా. మంచిదేనా?

వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. బియ్యంలో అది లేనట్టే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చి నుంచి వారానికి మూడు రోజులు రాగిజావ పెట్టడం మొదలైంది, మిగతా మూడు రోజులు చిక్కీ. పల్లీల వల్ల చిక్కీలో ప్రొటీన్, కొవ్వు బాగానే ఉంటాయి. బెల్లం పంచదారకు దగ్గరి చుట్టమే, అందులో మొహమాటం ఏమీ లేదు. అయితే ఒక చిక్కీ ముక్కను బిస్కెట్ ప్యాకెట్‌తో పోల్చి చూడాలి గానీ గాలితో పోల్చకూడదు. జావలో బెల్లం నెలనెలా కొంచెం తగ్గిస్తూ పోతే పిల్లలు అలవాటు పడతారు. పల్లీలు పడని పిల్లలుంటే ఆ సంగతి ఏడాది మొదట్లోనే తరగతి టీచరుకు రాతపూర్వకంగా ఇవ్వాలి.

భోజనం తిన్నాక ఏమైనా అవుతుందేమోనని భయం. ఏం చూసుకోవాలి?

2013 జులైలో బీహార్‌లోని సారన్ జిల్లా గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. భోజనం పిల్లలకు వడ్డించే ముందు పెద్దలు, వారిలో కనీసం ఒక టీచరు, రుచి చూడాలన్న నియమం మీద దేశమంతా గట్టిగా మాట్లాడుకున్నది ఆ తర్వాతే.

రుచి చూసిన రిజిస్టరు చాలా బడుల్లో నెలాఖరున ఒకే పెన్నుతో నిండుతుంది. మీరు చూడవలసింది ఆ సంతకాలను కాదు. నూనె, పప్పు ఎక్కడ పెడుతున్నారు, పక్కన ఫినాయిల్, బ్లీచింగ్ పౌడరు, పురుగుమందుల డబ్బాలు ఉన్నాయా, ఖాళీ మందు డబ్బాల్లో సరుకు పోస్తున్నారా, తాగునీటి ట్యాంకు ఎప్పుడు కడిగారు, వండిన గిన్నెల మీద మూత ఉందా. నూనె వాసన తేడాగా ఉందని వంటమనిషి చెప్పినప్పుడు "ఏం కాదులే, వండు" అనే అధికారం ఎవరికీ లేదు.

ఒక్కోరోజు భోజనం పెట్టడం లేదు. ఏం చేయగలం?

2015 నాటి మధ్యాహ్న భోజన నియమాల ప్రకారం, సరుకు లేకనో, వంటమనిషి రాకనో భోజనం పెట్టలేకపోతే ఆ రోజుకు ఆహార భద్రత భత్యం పిల్లలకు చెల్లించాలి. వరుసగా మూడు పనిదినాలు గానీ, నెలలో ఐదు రోజులు గానీ పెట్టకపోతే రాష్ట్ర ప్రభుత్వం బాధ్యులెవరో తేల్చాలి. తేదీలు రాసుకుని మొదట ప్రధానోపాధ్యాయుడికి, తర్వాత మండల విద్యాధికారికి ఇవ్వండి. అక్కడా పని కాకపోతే రాష్ట్ర ఆహార కమిషన్ ఉంది.

## ఇంటి నుంచి పంపే డబ్బా

ఉదయం ఏడింటికే బస్సు. ఏమీ తినకుండా వెళ్లిపోతాడు.

మొదటి పీరియడ్లలో ఆవలించే పిల్లల్లో చాలామంది నిద్ర చాలనివాళ్లు, కొందరు ఆకలితో ఉన్నవాళ్లు. తమిళనాడు 2022 సెప్టెంబరులో ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో ఉదయం అల్పాహారం మొదలుపెట్టింది ఈ సమస్యకే. తెలంగాణలోనూ 2023 అక్టోబరులో మొదలైంది కానీ అప్పట్లో అన్ని బడులకూ చేరలేదు.

ప్రైవేటు బస్సు పట్టుకోవలసిన పిల్లవాడికి ఇడ్లీ, పచ్చడి కూర్చుని తినే తీరిక ఉండదు. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి ఉంచిన చద్దన్నం ఐదు నిమిషాల్లో తినవచ్చు. అదీ వద్దంటే ఒక అరటిపండు, గుప్పెడు వేయించిన పల్లీలు బస్సులో తినమనండి. టీలో ముంచిన రెండు బిస్కెట్లను ఉదయం ఆహారంగా లెక్కవేయకండి.

డబ్బా ముట్టకుండానే వెనక్కి తెస్తోంది. ఏం పెట్టాలి?

ముందు ఎందుకో అడగండి, కోపం లేకుండా. నేను విన్న కారణాల్లో రుచి చివరిది. మూత గట్టిగా ఉండి తెరుచుకోవడం లేదు. విరామం ఇరవై నిమిషాలే, చేతులు కడుక్కునే వరుసలోనే పది పోతాయి. కింద కూర్చుంటే యూనిఫాం మురికవుతుంది. సాంబారు కారి పుస్తకాలు తడిసి తిట్లు పడ్డాయి.

కలిపిన అన్నాలు ఈ తొందరలో పనికొస్తాయి. పులిహోర, పెసరపప్పు కిచిడీ, మునగాకు పొడి కలిపిన అన్నం, కూరగాయ ముక్కలు వేసిన ఉప్మా. పరిమాణం కూడా చూసుకోండి. రెండో తరగతి పిల్లకు పెద్దవాళ్ల డబ్బా నింపి పంపి, సగం మిగిల్చిందని బాధపడే తల్లులు ఎక్కువ.

రాగిసంగటి, జొన్నరొట్టె పెడితే తోటివాళ్లు నవ్వుతున్నారట.

ఇది తిండి సమస్య కాదు, తరగతి సమస్య. టీచరు వారానికి ఒకరోజు పిల్లలతో కలిసి అదే బల్ల మీద తన డబ్బా తెరిస్తే, అందులో జొన్నరొట్టె ఉంటే, నవ్వు చాలావరకు ఆగుతుంది. ఎవరి డబ్బాలో ఏముందో పైకి చదివి మెచ్చుకోవడం, తప్పుపట్టడం మాత్రం మానాలి. మంచి ఉద్దేశంతో మొదలైన "డబ్బా తనిఖీలు" పేద ఇళ్ల పిల్లలను అందరి ముందూ నిలబెడతాయి.

కూరగాయలు అసలు ముట్టడు.

ఒకటి రెండుసార్లు పెట్టి, తినలేదని మానేయకండి. కొత్త రుచి పిల్లలకు అలవాటు కావడానికి పది సార్లకు పైగా కూడా పడుతుంది. ప్రతిసారీ ఒక ముక్క చాలు. తింటే చాక్లెట్ ఇస్తానని బేరం పెడితే, వంకాయ శిక్ష, చాక్లెట్ బహుమతి అని మనమే నేర్పినట్టు.

## గేటు బయట

గేటు ఎదురుగా చిప్స్, కూల్‌డ్రింకుల కొట్టు ఉంది. తీయించవచ్చా?

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి క్యాంటీన్‌లోనూ, బడి గేటు నుంచి 50 మీటర్ల లోపునా పిల్లలకు అమ్మకూడదు. ఫిర్యాదు జిల్లా ఆహార భద్రత అధికారికి ఇవ్వాలి.

కానీ బడ్డీకొట్టు నడిపేది సాధారణంగా ఆ వీధి మనిషే, మీకు తెలిసినవాళ్లే. కాగితం తీసుకుని వెళ్లేముందు మాట్లాడి చూడండి. ఉడికించిన పల్లీలు, జామకాయలు, మొక్కజొన్న పొత్తులు, నిమ్మరసం వేసిన శనగల గుగ్గిళ్లు అమ్మితే బడి పిల్లలు కొంటారని కమిటీ భరోసా ఇస్తే, ఒప్పుకునేవాళ్లు ఉంటారు. ఇక బడి లోపలి క్యాంటీన్‌లోనే పఫ్‌లు అమ్మిస్తూ బయటి కొట్టు మీద ఫిర్యాదు చేసే యాజమాన్యాలకు ఏం చెప్పాలో నాకు తోచదు.

ప్యాకెట్ మీద పండ్ల బొమ్మ ఉంది. అది మంచిదే కదా?

బొమ్మ వైపు చూడకండి, వెనక్కి తిప్పండి. వాడిన పదార్థాల జాబితాలో బరువు ప్రకారం ఎక్కువ ఉన్నది ముందు రాయాలన్నది నియమం. మొదటి మూడింట్లో చక్కెర, మైదా, పామాయిల్ ఉంటే మిగతాది చదవనక్కర్లేదు.

పుట్టినరోజుకు చాక్లెట్లు పంచొద్దంటే పిల్ల చిన్నబుచ్చుకోదా?

పంచే సరదా తీసేయకండి, పంచేది మార్చండి. తరగతికి సరిపడా జామకాయలో, నువ్వుల ఉండలో తేవచ్చు. ప్రభుత్వ బడుల్లో తిథి భోజనం అనే ఏర్పాటు ఉంది. గుజరాత్‌లో మొదలై ఇప్పుడు జాతీయ పథకంలో భాగమైంది. పుట్టినరోజుకో, పెద్దల జ్ఞాపకార్థమో ఆ రోజు భోజనంలో ఒక కూర, స్వీటు, పండు అదనంగా పెట్టించవచ్చు. బ్యానరు, ఫొటోలు లేకుండా చేస్తే ఇంకా బాగుంటుంది.

## ఆరోగ్యం విషయంలో

బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర వేసుకుంటే కడుపు తిప్పుతోందట. మానేయాలా?

మానకూడదు. ఖాళీ కడుపుతో కాకుండా భోజనం తర్వాత వేసుకోవాలి. వారానికి ఒకటే మాత్ర. పదేళ్లలోపు వాళ్లకు గులాబీ రంగుది, పది దాటినవాళ్లకు నీలం రంగుది. మలం నల్లగా రావడం మామూలే. మాత్రతోపాటు టీ, పాలు వద్దు, అవి ఇనుమును ఒంటబట్టనివ్వవు. నిమ్మకాయ పిండిన పప్పు, ఉసిరికాయ, జామకాయ సాయం చేస్తాయి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా వేయించండి. కొంకి పురుగులు పేగు గోడ నుంచి రక్తం పీలుస్తుంటే ఎంత ఇనుము ఇచ్చినా నిలవదు.

మా అబ్బాయి లావుగా ఉన్నాడని పీఈటీ సారు అందరి ముందూ అన్నారు.

అనకూడదు, ఆ మాట ప్రధానోపాధ్యాయుడికి చెప్పండి. బరువు చూడటానికి బాల స్వాస్థ్య కార్యక్రమం వైద్యబృందాలు బడులకు వస్తాయి. ఆ అంకె తల్లిదండ్రులకు మాత్రమే చెప్పాలి. ఎదిగే పిల్లవాడికి అన్నం మాన్పించవద్దు. తీపి పానీయాలు ఆపి, సాయంత్రం గంట ఆడనివ్వండి.

టైప్ 1 మధుమేహం ఉన్న అమ్మాయి తరగతిలో తినవచ్చా?

తినాలి, అవసరమైనప్పుడు వెంటనే తినాలి. సీబీఎస్ఈ పబ్లిక్ పరీక్ష హాల్లోకే ఇలాంటి విద్యార్థులను చిరుతిండి, మాత్రలు తెచ్చుకోనిస్తుంది. రక్తంలో చక్కెర పడిపోతే చెమట, వణుకు, తికమక కనిపిస్తాయి. అప్పుడు ఏం ఇవ్వాలో ప్రతి టీచరుకూ తెలిసి ఉండాలి.

నీళ్ల సీసా నిండుగానే తిరిగి వస్తోంది. గుర్తు చేసినా తాగదు.

మరుగుదొడ్డి ఎలా ఉందో చూసి రండి. ఆడపిల్లలు నీళ్లు మానేయడానికి పెద్ద కారణం అదే. నీళ్లు తాగమని గుర్తుచేస్తూ గంట కొట్టే "వాటర్ బెల్" కేరళలో 2019లో మొదలైంది, మంచి ఆలోచన. కానీ తలుపుకు గడియ లేని బడిలో గంట ఎన్నిసార్లు కొట్టినా సీసా ఖాళీ కాదు.

## కొనసాగించేటప్పుడు

పెరటి తోట వేశాం. రెండు నెలల్లో ఎండిపోయింది. మళ్లీ వేయాలా?

వేయండి, కానీ ఈసారి వంకాయ, టమాటా కాదు. వేసవి సెలవులను తట్టుకునేవి వేయండి: రెండు మునగ చెట్లు, ఒక కరివేపాకు, బొప్పాయి, చేతులు కడిగిన నీళ్లు పారే చోట అరటి. ఆకుకూరలు జూన్ వానలతో చల్లితే నెల రోజుల్లో తోటకూర పప్పులోకి వస్తుంది. ఆ రోజు కూర ఎవరి మడిలోదో వడ్డించేటప్పుడు చెప్పండి. తాము పెంచిన ఆకును పిల్లలు పక్కకు తీసిపెట్టరు.

హెడ్‌మాస్టరు బదిలీ అయ్యారు. కొత్తాయనకు ఆసక్తి లేదు. ఇప్పుడేం చేయాలి?

ఆసక్తి మీద ఆధారపడే పనులను, నియమంతో ముడిపడిన పనులను విడదీయండి. తోట, ఉడికించిన పల్లీలు, టీచర్ల సహపంక్తి భోజనం కొన్నాళ్లు ఆగినా ఫరవాలేదు. పప్పు తూకం, రుచి చూడటం, ఐరన్ మాత్ర, 50 మీటర్ల నిబంధన ఆయన ఇష్టాయిష్టాలతో పనిలేనివి. వాటిని ప్రతి కమిటీ సమావేశం మినిట్స్‌లో రాయించి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. రోజుకో తల్లి చొప్పున వంతులవారీగా భోజనాల వేళకు వచ్చి అదే పప్పు, అదే అన్నం పిల్లలతో కూర్చుని తినే ఏర్పాటు చేసుకోండి. దానికి ప్రత్యేకంగా నిధులు అక్కర్లేదు.